లాభం, రెండు, మూడు

షేర్ల సంగతి మా ఇంటికి మొదట మోసుకొచ్చింది మా ఆడబిడ్డ. మా ఆయనకు ఒక్కతే చెల్లెలు. మొగుడు పోయాక మడకశిర పక్క పల్లెలో గొర్రెలు మేపుకుంటూ ఒంటరిగా బతికేది. మేముండేది వజ్రకరూరు దగ్గర. రంజాను వెళ్లిన వారానికి వాళ్లమ్మను, అంటే మా అత్తను, చూసిపోదామని వచ్చింది. బస్సులు మారి ఎండన పడి వచ్చిన మనిషి నీళ్లయినా తాగకుండా, చెప్పులు విడుస్తూనే అడిగింది.

"వదినా, షేర్లంటే ఏందో తెల్సునా నీకు?"

మాది పరుపులు, బొంతలు కుట్టే ఇల్లు. నేను మిషను మీద బొంత అంచు కుడుతున్నాను. నేను తల ఎత్తేలోపే మా అత్త అందుకుంది.

"సేర్లా? మంచిదే. మన సేరు సొట్టబోయి ఎన్నేండ్లాయనో. మళ్లీ వచ్చేతప్పుడు నాకొకటి తేమ్మే, గింజలు కొల్సుకుంటా."

"సేరు కాదుమా, షేరు."

"షేరా? పీర్ల పండగలో పులేసం కట్టినోన్ని సూసి పిల్లోళ్లు షేర్ షేర్ అని అరుస్తారే, అదా?"

"అయ్యో, అదీ కాదు. కంపెనీలో వాటామా. మనం ఇంట్లో కూచోనుంటే దుడ్లు వాటికవే పెరుగుతాయి."

"తిండి పెట్టకపోయినా పెరిగేటివి రెండే ఉండాయి లోకంలో," అంది మా అత్త. "జుట్టు, గోర్లు. అవి మనిషి సచ్చినాంక గూడా పెరుగుతాయంట."

అందరం నవ్వాం. ఆడబిడ్డ అందరికంటే గట్టిగా నవ్వింది.

నవ్వు అయ్యాక నా పక్కన కూచుని మోకాళ్లు ఒత్తుకుంటూ అసలు మాట చెప్పింది. "ఇవి పోయినాయి వదినా. మంద ముందర పోతాంటే నేను ఎనకాల పరిగెత్తేదాన్ని. ఇప్పుడు అవి ఆడ, నేనీడ. కూచోని తినే దారి ఒకటి సూసుకోవల్ల." ఆమెకు పిల్లల్లేరు, చేను లేదు. ముప్పై గొర్రెలు ఉన్నాయి. ఆస్తి అన్నా, రేపటి కూడు అన్నా ఆ ముప్పై గొర్రెలే.

ఆమె ఫోనులో ఒక గుంపు ఉంది. షేర్లు నేర్పే బడి అని దాని పేరు. నన్నూ అందులో చేర్చింది.

నేను బడికి పోయినదాన్ని కాదు. మా నాయన ఇసుకలో వేలితో దిద్దించి తెలుగు నేర్పాడు. ఖురాను చదవడం మా అవ్వ ఒడిలో కూర్చుని నేర్చుకున్నాను. అంతే నా చదువు. అలాంటిది రోజూ పొద్దున తొమ్మిదింటికి, బజారు తెరవడానికి కాస్త ముందు, ఫోనులో ఒక గొంతు మెత్తగా పలికేది. "నా ప్రియమైన విద్యార్థులారా." నన్ను విద్యార్థి అని పిలిచినవాళ్లు అంతకుముందు ఎవరూ లేరు. మొదటిరోజు ఆ మాటకు నా కళ్లలో నీళ్లు తిరిగాయి. అల్లాకు శుక్రియా చెప్పుకుని ఒక నోటుబుక్కు కొనుక్కున్నాను.

ఆయన చెప్పింది చెప్పినట్టు రాసుకునేదాన్ని. షేరు కొనడమంటే ఒక వ్యాపారంలో చిన్న వాటాదారు కావడం. ఆ వ్యాపారం బాగుంటే మనమూ బాగుంటాం, మునిగితే మన వాటా మునుగుతుంది. కొన్న షేరు డీమ్యాట్ ఖాతాలో, మన పేరు మీదే ఉంటుంది. రేపు అవసరమయ్యే డబ్బు దీంట్లో పెట్టకూడదు. ఉన్నదంతా ఒకే కంపెనీలో పోయకూడదు. ధర రోజూ చూసుకుని బెదరకూడదు. వడ్డీ వ్యాపారం చేసే కంపెనీలు మాకు సరిపడవు, ఏం చేయాలి అని అడిగితే, మంచి ప్రశ్న అమ్మా అని, అలాంటివి వదిలేసి ఎలా ఎంచుకోవాలో ఓపికగా చెప్పాడు. ఈ పాఠాలన్నీ నిజమైనవే. ఇప్పటికీ ఆ నోటుబుక్కులో కొట్టేయవలసిన పేజీ మొదటి నలభైలో ఒక్కటీ లేదు. ఆ తర్వాత నా నిద్ర చెడగొట్టింది ఎక్కువగా ఈ విషయమే.

గుంపులో రెండు వందల మంది ఉండేవారు. కల్యాణదుర్గం అని ఒకరు, చిలమత్తూరు అని ఒకరు, అంతా మా పక్కవాళ్లే. ఫొటోల్లో ఒకరికి గులాబీ, ఒకరికి మసీదు గుమ్మటం, ఒకరికి శిలువ, ఒకరికి పసిబిడ్డ. పాఠం అయిపోగానే వరసగా మెసేజీలు వచ్చేవి. ధన్యవాదాలు సార్. మీ దయ సార్. ఈరోజు కూడా లాభం సార్. మేలు పొందినవాళ్లు మేలు మరవకుండా ఉండడం చూసి నాకు సంతోషంగా ఉండేది. ఒక్క మనిషీ కసరడు, కొట్లాడడు, బాగలేదనడు. మా గుట్టల మీద గాలిమరలు నిలబెట్టారు కదా, మిట్టమధ్యాహ్నం ఊళ్లో మనిషి అలికిడి లేనప్పుడు కూడా అవి ఒకే ఊపున తిరుగుతూ ఉంటాయి. ఆ మెసేజీలు కూడా అలాగే వచ్చేవి.

నెల తిరిగేసరికి గొంతు ఒక కొత్త మాట చెప్పింది. మన బడికి సొంత యాప్ ఉంది, అందులో కొంటే ఎక్కువ మిగులుతుంది. బొంతలు కుట్టిన డబ్బు కొంచెం నేను వేశాను. ఆడబిడ్డ ఒక పొట్టేలు అమ్మి వేసింది. ఆదివారం బజారు మూత అని ఆయనే చెప్పి ఉన్నాడు. ఒక ఆదివారం మిషనుకు నూనె పోస్తూ యాప్ తెరిచాను. అంకెలు కదులుతున్నాయి. తాళం వేసిన అంగట్లో తక్కెడ దానంతట అదే ఊగుతున్నట్టు అనిపించింది. నాకు తెలియనిది ఏదో ఉంటుందిలే అనుకుని ఫోను బోర్లించాను.

ఆడబిడ్డ రెండోసారి వచ్చినప్పుడు చేతిలో మిఠాయి పొట్లం ఉంది. యాప్ నుంచి కొంచెం డబ్బు వెనక్కి తీసుకుందట. నిజంగానే బ్యాంకులో పడిందట. అప్పుడు మా అత్త విత్తనానికి ఒలిచిన వేరుశనగ గింజలు కొలుస్తోంది. మా ఇళ్లలో కొలత ఒకటితో మొదలుపెట్టరు. మొదటి సేరు పోస్తూ లాభం అంటారు, ఆ తర్వాతే రెండు, మూడు.

"అమ్మా, లాభం వచ్చిందే!" అంది ఆడబిడ్డ వాళ్లమ్మ నోట్లో మిఠాయి పెడుతూ.

"లాభం అన్నాంక రెండనల్ల కదమ్మే," అంది మా అత్త నములుతూ. "నీ రెండు యాడ? లాభమనేది ఒట్టి మాట. గోనెలో పడేది రెండో సేరు నుంచే లెక్క."

నేను నవ్వి మిషను తిప్పుతూ ఆడబిడ్డతో అన్నాను. ఈ మాట నేనే అన్నాను, అందుకే రాస్తున్నాను. "మేలు చేసినాయనకు ఒక మాట చెప్పకపోతే ఎట్ల? అక్షరాలు రావంటివి కదా, గొంతుతో పంపు." నాకున్న మంచి అలవాటు ఏదన్నా ఉంటే అది ఒక్కటే, మేలుకు బదులు చెప్పడం. దాన్నే ఆమెకూ అంటించాను.

ఆమె కొంగు సర్దుకుంది, ఎదురుగా మనిషి ఉన్నట్టు. ఫోను నోటి దగ్గర పెట్టుకుంది. "అందరికీ సలాం. మాది మడకశిర. సార్ దయవల్ల నాకు లాభం వచ్చినాది. మా వదిన గూడా చేరింది. భయమేం లేదు, రాండి." మధ్యలో ఒకసారి దగ్గు వచ్చింది. తుడిచేసి మళ్లీ చెప్పనా అంది. ఉండనీలే, బాగుంది అన్నాను.

తొలకరి ఆ ఏడు ముందుగానే పడింది. తొలకరి పడిన మరునాడు మా ఊరి చేలలోకి ఎక్కడెక్కడి జనమో వస్తారు. వాన మట్టిని కడిగితే వజ్రం బయటపడుతుందని ఆశ. నడుము వంచి, చూపు నేలకు అంటించి, అడుగులో అడుగు వేసుకుంటూ నడుస్తారు. వంద మంది ఉన్నా మాట వినపడదు. చిన్నప్పుడు నేను వాళ్లకు మొహాలు ఉండవనుకునేదాన్ని. ఆ పొద్దున బిందెతో చేను గట్టున పోతుంటే వాళ్లలో ఒకాయన నడుము ఎత్తాడు. మొహం ఉంది, ఎండకు కమిలిపోయి.

"కొంచిం నీళ్లు పొయ్యమ్మా," అన్నాడు. దోసిలి పట్టి తాగాడు. మూతి తుడుచుకుంటూ, "మాది చిలమత్తూరు. మా యాడ ఇంకా సుక్క రాలేదు. మీకు దుక్కివాన పడినట్టుండాదే?" అన్నాడు. మళ్లీ వంగిపోయాడు.

మా పక్క ఇది ఆచారం. ఫోను ఎత్తగానే బాగుండారా అనేకంటే ముందు మీ యాడ వాన పడిందా అంటాం. పెళ్లి పిలుపైనా, చావు కబురైనా అది అడిగాకే. కళ్లు వజ్రం మీద ఉన్న మనిషి కూడా వాన అడిగాడు. ఇంటికి నడుస్తుంటే నాకు తట్టింది. గుంపులో రెండు వందల మంది మా జిల్లా మనుషులు. రెండు నెలలయింది. ఎండ మండింది, మబ్బు పట్టింది, నిన్న ఉరుములతో వాన పడింది. ఒక్కరంటే ఒక్కరు వాన ఊసెత్తలేదు.

బిందె దించి గుంపులో రాశాను. "అన్నలారా, అక్కలారా, మీ యాడ వాన పడిందా?"

చూసిన గుర్తులు ఒకటొకటిగా పడ్డాయి. గుంపు అంతసేపు మౌనంగా ఉండడం అదే మొదలు. ఊపిరి బిగబట్టిన గదిలో నిలబడినట్టుంది. తర్వాత మసీదు గుమ్మటం రాసింది: ధన్యవాదాలు సార్, ఈరోజు కూడా లాభం. గులాబీ అదే రాసింది. శిలువ అదే రాసింది. అక్షరం తేడా లేదు. చివరికి చిలమత్తూరు అని చెప్పుకున్నది నాకు బదులిచ్చింది: "వాన అనే షేరు ఈరోజు జాబితాలో లేదు మేడమ్."

కల్యాణదుర్గం ఆమె అనుకున్న నంబరుకు ఫోను చేశాను. ఎత్తారు. "వాన పడిందామ్మా మీకు?" అన్నాను. అవతల పెద్ద ఫ్యాను తిరుగుతున్న చప్పుడు. దాని కింద, చాలామంది ఒకేసారి మీటలు నొక్కుతున్న టకటక, రేకుల మీద చినుకులు పడ్డట్టు. ఎవరూ మాట్లాడలేదు. చాలాసేపు పెట్టేయనూ లేదు.

నోటుబుక్కు తీశాను. కొన్న షేరు మీ పేరు మీద ఉంటుంది, ఆ సంగతి మీకు వేరుగా మెసేజీ వస్తుంది అని ఐదో పేజీలో ఉంది, ఆయన మాటే. నాకు అలాంటి మెసేజీ ఒక్కటీ రాలేదు. డబ్బు పంపిన ప్రతిసారీ అవతలి పేరు వేరు, ఎవరో మనిషి పేరు. ఆడబిడ్డకు చేశాను. ఫోను ఆపి ఉంది. దూది ఏకుతున్న మా ఆయనతో చెప్పాను. ఆయన చేతిలో పని ఆగిపోయింది.

"ఈ వారం సంతకు మంద తోల్తానన్నాది," అన్నాడు. "మొత్తం అమ్మి దాంట్లోనే పెడ్తాదంట. నీకు సెప్పలేదా?" నాకు చెప్పలేదు. "పో. ఇప్పుడే పో. నేను పోతే కొట్లాటయితాది. నీ మాటయితే ఇంటాది."

అనంతపురంలో బస్సు మారి, మడకశిరలో దిగి, ఆమె పల్లెకు చేరేసరికి పొద్దు వాలుతోంది, ఎండ ఇంకా ఉంది. దొడ్డి తడిక తీసి ఉంది. గొర్రెల వాసన ఉంది. గిట్టల గుర్తులు తడి మట్టిలో కొత్తగా ఉన్నాయి. తొట్లో నీళ్లు కదలకుండా ఉన్నాయి. మందకు ముందు నడిచే గొర్రె మెడ గంట విప్పి తడికకు కట్టి ఉంది, గాలికి అది మోగుతోంది. ఆమె గడపలో కాళ్లు చాపుకుని కూర్చుంది.

"యాడికి పోయినాయే జీవాలు?"

"ఈడ ఉండాయి సూడు వదినా," అని ఫోను తిప్పి చూపించింది. మొహం వెలిగిపోతోంది. "నిన్న సంతలో అమ్మింది ఇరవై తొమ్మిది. ఇప్పటికి ముప్పై అయిదు గొర్రెల దుడ్లయినాయి. మేత లేదు, నీళ్లు లేదు, నా మోకాళ్లతో పని లేదు."

అంకె కళ్ల ముందే ఇంకొంచెం పెరిగింది. నేను పక్కన కూలబడి వాన సంగతి చెప్పాను. ఫ్యాను చప్పుడు చెప్పాను. ఐదో పేజీ చెప్పాను. ఆమె గంట వైపు చూస్తూ విన్నది. "నువ్వే కదా వదినా మేలు మరవకూడదంటివి," అంది. తప్పు పట్టినట్టు కాదు. అర్థం కాక అడిగినట్టు.

డబ్బు వెనక్కి అడిగితే, ముందు పన్ను కట్టాలి ప్రియమైన విద్యార్థీ అని వచ్చింది. కట్టడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. అందుకు అల్లాకు కృతజ్ఞురాలిని. మరునాడు ఇద్దరం స్టేషనులో ఫిర్యాదు రాయించాం. మర్యాదగానే రాసుకున్నారు. ఆ డబ్బు అప్పటికే చాలా ఖాతాలు దాటిపోయిందన్నారు.

మా ఇంటికి రమ్మంటే రాలేదు. సంతలో మంద కొన్న ఆయన దగ్గరకే పోయి, అవే గొర్రెలను కూలికి మేపింది. "నా గొంతు ఇని ముందరి గొర్రె తిరిగి సూసినాది వదినా," అని ఫోనులో చెప్పి నవ్వింది. వాన పడిందా అని అడిగింది. ఆ మోకాళ్లతోనే ఆ ఏడంతా నడిచింది. తర్వాతి ఎండాకాలం వడదెబ్బ తగిలింది. తుమ్మచెట్టుకు ఆనుకుని కూర్చున్నట్టే ఉందట. గొర్రెలు మేయకుండా చుట్టూ నిలబడి ఉన్నాయట, చెట్టు నీడలో, కదలకుండా.

ఆమె బతికి ఉండగానే నేను షేర్లు సరిగా నేర్చుకున్నాను. మళ్లీ ఆ మాట ఎత్తితే కాళ్లిరగ్గొడతానన్నాడు మా ఆయన, తర్వాత ఆయనే బ్యాంకుకు తోడొచ్చాడు. ప్రభుత్వ అనుమతి ఉన్న చోట నా పేరు మీద డీమ్యాట్ ఖాతా తెరిచాను. కుట్టుదారం తయారుచేసే కంపెనీ షేరు ఒకటి కొన్నాను, ఒక్కటే. ఆ దారం నాణ్యం నా వేళ్లకు తెలుసు గనుక. నా పేరుతో వేరుగా మెసేజీ వచ్చినప్పుడు మిషను ఆపి రెండుసార్లు చదువుకున్నాను. ఆ షేరు ఆదివారాలు కదలదు. కొన్ని రోజులు తగ్గుతుంది. తగ్గినప్పుడు నాకు ధైర్యంగా ఉంటుంది, అవతల ఉన్నది నిజమైనదని. ఖాతా తెరిచేటప్పుడు నామినీ అనే గడి ఉంటుంది, మన తర్వాత ఎవరికి చెందాలో రాయమని. ఆమె పేరు రాశాను. పది నెలలకు మార్చుకోవలసి వచ్చింది.

నేర్పినవాడికి దువా చేయాలని మా అవ్వ చెప్పేది. ఆ గొంతుకు ఏమని చేయను? నిజం నేర్పి, ఆ నిజంతోనే ముంచినవాడికి? ఇప్పటికీ నమాజు తర్వాత చేతులు ఎత్తినప్పుడు ఆ చోటుకు వచ్చేసరికి మాట ఆగిపోతుంది. ఆగిన చోటును అలాగే అల్లాకు చూపించి చేతులు దించుకుంటాను.

మొన్న బొంతకు కొలత ఇవ్వడానికి పక్క ఊరి చెల్లెలొకామె వచ్చింది. "అక్కా, నీకు షేర్లు తెల్సంట కదా. నన్ను ఒగ గుంపులో చేర్చినారు. దుడ్లు పంపుదామనుకుంటాండా. మంచిదేనా సూసి సెప్పు," అని ఫోను నా చేతిలో పెట్టింది. గుంపు పేరు వేరు, ఫొటోలు వేరు. ధన్యవాదాలు అవే. మధ్యలో ఒక గొంతు మెసేజీ ఉంది. నొక్కాను.

"అందరికీ సలాం. మాది మడకశిర. సార్ దయవల్ల నాకు లాభం వచ్చినాది." దగ్గు. "మా వదిన గూడా చేరింది. భయమేం లేదు, రాండి."

ఆ గొంతు వెనక నా మిషను కటకటమంటోంది. దాని వెనక, దూరంగా, మా అత్త గొంతు కొలుస్తోంది. లాభం. రెండు. మూడు. అక్కడ తెగిపోతుంది.

నడవలో మా అత్త కదిలింది. ఆమెకు ఇప్పుడు చూపు లేదు, చెవులు బాగా పనిచేస్తాయి. "వచ్చినావామ్మే?" అంది గడప వైపు మొహం తిప్పి. "ఎండన పడి వచ్చినావు. ముందు కాళ్లు కడుక్కో."

ఆ చెల్లెలు డబ్బు పంపలేదు. ఫోను ఆమెకిచ్చి పంపించాక నేను మా అత్త పక్కన కూర్చున్నాను. చెయ్యి పట్టుకున్నాను. "పోయిందా అప్పుడే?" అంది. పోయిందత్తా అన్నాను.

ఇది చదివేవాళ్లను నేను అడిగేది ఒక్కటే. మీ ఫోనులో ఎప్పుడైనా ఆ గొంతు వినపడవచ్చు, దగ్గుతో, మిషను చప్పుడుతో. అబద్ధం చెప్పడానికి ఆమె ఆ మాటలు అనలేదు. నేను అనమన్నాను, మేలు మరవకూడదని. మీ యాడ వాన పడిందా అని అడిగి చూడండి. ఆమె ఉంటే తప్పకుండా బదులు చెప్పేది. బదులు రాకపోతే డబ్బు పంపకండి, మెసేజీ మూసేయండి. మూసేశాక, మీది దువా అయినా, పూజ అయినా, ప్రార్థన అయినా, అందులో మడకశిర పక్కన గొర్రెలు మేపిన మా ఆడబిడ్డను ఒక్కసారి తలుచుకోండి.